ఒకే కాగితంలో మూడు మొరలు



సోమవారం పొద్దున జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో కలెక్టరేట్‌కు వెళ్తే ప్రజావాణి వరుస కనిపిస్తుంది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డవాళ్లు, పింఛను ఆగినవాళ్లు, ఇల్లు మంజూరు కానివాళ్లు అందులో ఉంటారు. వాళ్ల మధ్య అప్పుడప్పుడు ఒక తల్లో, తండ్రో, మనవరాలిని పెంచిన అమ్మమ్మో కూడా నిలబడి ఉంటారు. చేతిలో నాలుగు పేజీల దరఖాస్తు ఉంటుంది. అది అధికారి చేతికి అందకముందే నోట్లోంచి మాట వచ్చేస్తుంది: "నా బిడ్డను నాకిప్పియ్యుండ్రి సారూ."

ఆ దరఖాస్తు చదివితే ఏముంటుంది? మొగుడూ పెళ్లాల తగువు ఎప్పుడు మొదలైందో ఉంటుంది. మెయింటెనెన్స్ కేసు నంబరు, పిల్ల కస్టడీ కోసం కోర్టులో వేసిన ఓపీ, వచ్చే వాయిదా తేదీ ఉంటాయి. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారని, ఆఫీసువాళ్లు వచ్చి పిల్లను బాలసదన్‌కు తీసుకుపోయారని ఉంటుంది. బాలల సంక్షేమ సమితి తన మాట వినలేదని, రిపోర్టు రాసిన ఆమె అవతలివాళ్ల వైపు మాట్లాడిందని, ఎవరో ఏదో అన్నారని కూడా రాసి ఉంటుంది. చివర్లో "కావున దయతో విచారించి న్యాయం చేయగలరు" అని. ప్రతులు ఎస్పీ గారికి, మంత్రి గారికి, బాలల హక్కుల కమిషన్‌కు.

నాలుగు పేజీల్లో రాసిన బాధలో అబద్ధం ఉందని నేననను. కానీ ఆ కాగితంలో మూడు వేర్వేరు మొరలున్నాయి. మూడింటికీ వినేవాళ్లు వేరు. మూడూ కలిపి ఒకరికి ఇస్తే, ఆ ఒక్కరు "ఇది నా పరిధి కాదు" అని తేలిగ్గా అనేయొచ్చు. కోర్టులో కేసు నడుస్తుండగా పిల్లల రక్షణ వ్యవస్థ మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే చచ్చిపోతాయని నా నమ్మకం. అబద్ధమని తేలి కొట్టేసినవి తక్కువ. చిరునామా తప్పి అటూ ఇటూ తిరిగినవే ఎక్కువ.

ముందు ఎవరు ఎవరో చూద్దాం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మూడు ప్రాంతాల జనం ఇలాంటి పనికి ఎక్కువగా వరంగల్ బస్సే ఎక్కేవాళ్లు. జిల్లా కోర్టు అక్కడే, జిల్లా ఆఫీసులూ అక్కడే. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. జిల్లాకొక బాలల సంక్షేమ సమితి, జిల్లాకొక బాలల పరిరక్షణ విభాగం ఉండాలన్నది చట్టం. అంటే పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కోర్టు, పిల్ల క్షేమంగా ఉందో లేదో చూసే సమితి ఇప్పుడు ఒకే ఊళ్లో ఉన్నాయి. ఆటోలో పది నిమిషాలు. అయినా ఆ ఫైలు సంగతి ఈ ఫైలుకు తెలియదు. వరంగల్ దాకా పోవాల్సిన రోజుల్లో దూరం ఒక సాకు. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

కోర్టు పని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంతో నడుస్తుంది. బ్రిటిషువాళ్ల కాలం చట్టమే, నేటికీ అదే. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట 1984 చట్టం ప్రకారం ఆ కోర్టు, విడిగా ఫ్యామిలీ కోర్టు లేనిచోట జిల్లా కోర్టు ఈ కేసులు వింటుంది. హిందువులకు 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కూడా వర్తిస్తుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని, అన్నిటికన్నా బిడ్డ క్షేమమే ముఖ్యమని అది చెబుతుంది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కాదని, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. "నా కొడుకు, నా రక్తం" అని కోర్టు వరండాలో అరిచేవాళ్లకు యాభై ఏళ్ల కిందటి ఆ మాట ఇంకా చేరలేదు.

సమితి పని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంతో. అది అమల్లోకి వచ్చింది 2016 జనవరి 15న. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లలో కనీసం ఒకరు మహిళ. వాళ్లకు మేజిస్ట్రేట్ బెంచికి ఉండే అధికారాలుంటాయి. నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చోవాలి. తుది నిర్ణయం తీసుకునేటప్పుడు కనీసం ముగ్గురు ఉండాలి. బిడ్డను తీసుకెళ్లినవాళ్లు, ప్రయాణ సమయం వదిలేస్తే, 24 గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. కుటుంబ పరిస్థితిపై సామాజిక విచారణ 15 రోజుల్లో, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. బిడ్డను హోంలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక ఎంచుకునే ఆఖరి దారి కావాలని చట్టం మొదట్లోనే, మూడో సెక్షన్‌లోనే రాసి ఉంది. ఇరుపక్షాల మాట వినాలని, పక్షపాతం ఉండకూడదని కూడా అక్కడే ఉంది.

చిక్కెక్కడంటే, "తల్లి దగ్గరా, తండ్రి దగ్గరా" అన్న ప్రశ్న సమితిది కానే కాదు. "ఈ బిడ్డకు ఇప్పుడు ప్రమాదం ఉందా, సంరక్షణ అవసరమా" అన్నదే దాని ప్రశ్న. భార్యాభర్తల కస్టడీ తగాదా సమితి తేల్చకూడదని హైకోర్టులు చెబుతూనే ఉన్నాయి. కానీ ఆచరణలో మొదటి ప్రశ్న ఎలా చొరబడుతుందో చూడండి. ఒక ఊహ చెబుతాను, నిజం మనుషులు కారు. దేవరుప్పుల వైపు నుంచి ఉప్పల్‌కు పనికి వెళ్లిన దంపతులు విడిపోయారు. ఏడేళ్ల పాప ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంది. కస్టడీ కేసు కోర్టులో ఉంది, వాయిదా ఇంకో రెండు నెలలకు. తండ్రి తరఫువాళ్లెవరో 1098కి ఫోన్ చేసి, పాపను బడి మాన్పించి పత్తి ఏరడానికి పంపుతున్నారని చెప్పారు. సిబ్బంది వెళ్లి చూస్తే పాప నిజంగానే ఆ రోజు చేనులో ఉంది, సెలవు రోజు అమ్మమ్మ వెంట పోయింది. పాపను సమితి ముందుకు తెచ్చారు. తండ్రి బండి వేసుకుని వచ్చి కూర్చున్నాడు, ఆధార్ కార్డు ఉంది, బడి ఫీజు కడతానన్నాడు. తల్లి ఉప్పల్‌లో పనిలో ఉంది, ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి "తాత్కాలికంగా తండ్రికి అప్పగించడమైనది" అని ఉత్తర్వు. కోర్టు రెండేళ్లు విని తేల్చాల్సింది ఒక పూటలో తేలిపోయింది. పైగా వాయిదా నాటికి తండ్రి వకీలు నిలబడి, పాప ఇప్పుడు మా దగ్గరే స్థిరపడింది సార్, మళ్లీ కదిలించడం మంచిది కాదు అంటాడు.

ఇందులో అందరూ దుర్మార్గులే కానక్కర్లేదు. ఫోన్ వస్తే సిబ్బంది వెళ్లాలి. పత్తి చేనులో పాప కనబడితే సమితికి చెప్పాలి. కానీ అక్కడ ఒక ప్రశ్న అడగాల్సింది: ఈ పాప మీద కోర్టులో కేసేదైనా ఉందా? కోర్టు కేసుల వివరాలు అందరికీ ఆన్‌లైన్‌లో దొరికే రోజులివి. తల్లిదండ్రుల పేర్లతో వెతకడానికి ఎంతసేపు?

ఇప్పుడు ఆ తల్లికి మూడు బాధలున్నాయి. పాపను తండ్రికి ఇచ్చిన ఉత్తర్వు తప్పు. రిపోర్టులో అమ్మమ్మ గురించి రాసినది తప్పు. తనను పిలవకుండా, వినకుండా నిర్ణయించారు, ఒకరు నోటికొచ్చినట్టు మాట్లాడారు. ఈ మూడూ కలిపే ఆమె సోమవారం వరుసలో నిలబడింది.

ఉత్తర్వు తప్పయితే దాని దారి అప్పీలు. జువెనైల్ జస్టిస్ చట్టం 101వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో బాలల కోర్టుకు వెళ్లాలి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే కోర్టు మన్నించొచ్చు. బాలల కోర్టంటే ఎక్కడో ఉండే కొత్త కోర్టు కాదు, మామూలుగా మన సెషన్స్ కోర్టే, కస్టడీ కేసు నడిచే ఆవరణలోనే ఉండొచ్చు. అప్పీలు కూడా 30 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆపైన 102వ సెక్షన్ కింద హైకోర్టుకు రివిజన్. కానీ ఎక్కువమంది చేసేదేమిటి? ఊళ్లో ఎవరో చెబితే హైదరాబాద్ పోయి, హెబియస్ కార్పస్ వేయమని వకీలుకు డబ్బు కడతారు. బిడ్డ సమితి ఉత్తర్వు కింద ఉన్నప్పుడు అది అక్రమ నిర్బంధం కాదని, అప్పీలుకు వెళ్లమని హైకోర్టులు సాధారణంగా చెబుతాయి. ఈ లోపు 30 రోజులూ అయిపోతాయి. అందుకే ఉత్తర్వు ప్రతి కావాలని అదే రోజు రాతపూర్వకంగా అడగాలి. "నోటితో చెప్పారు, కాగితం ఇయ్యలే" అన్న మాట చాలాసార్లు వినబడుతుంది. కాగితం లేకపోతే అప్పీలు లేదు. అది ఇవ్వకపోవడమే విడిగా ఒక ఫిర్యాదుకు చాలు.

రిపోర్టు తప్పయితే? దీనిమీద కలెక్టర్ దగ్గరికి పోవడంలో అర్థం తక్కువ. సోషల్ వర్కర్ అభిప్రాయం తప్పని కలెక్టర్ తేల్చలేడు, పాప ఇంటికి ఆయన వెళ్లి చూడలేదు. ఆ రిపోర్టును ప్రశ్నించాల్సింది దాన్ని చదివి నిర్ణయించేవాళ్ల ముందు. సమితి ముందున్నప్పుడు అక్కడే అభ్యంతరం రాసివ్వాలి. కస్టడీ కోర్టుకు చేరితే అక్కడ. ఇంగ్లండులో కోర్టుకు నివేదికలిచ్చే కాఫ్‌కాస్ అనే సంస్థ ఉంది, 2001లో పెట్టారు. దానిమీదా తల్లిదండ్రుల ఫిర్యాదులకు కొదవ లేదు. వాళ్లు పెట్టుకున్న గీత ఇది: మా ఉద్యోగి ఎలా ప్రవర్తించాడన్నది మాకు ఫిర్యాదు చేయండి, మా ఉద్యోగి ఏం రాశాడన్నదాన్ని కోర్టులో జడ్జి ముందు సవాలు చేయండి. గీత మంచిదే. మన దగ్గర ఆ గీత ఎవరూ గీయలేదు, జనానికి చెప్పనూ లేదు.

కోర్టుకు ఈ విషయంలో చేతులు కట్టేసి లేవు. గార్డియన్స్ చట్టం 12వ సెక్షన్ కింద బిడ్డను హాజరుపరచమనొచ్చు, తాత్కాలిక కస్టడీ ఇవ్వొచ్చు. ఫ్యామిలీ కోర్టు సంక్షేమ నిపుణుల సాయం తీసుకోవచ్చు. కొంత ఊహ తెలిసిన పిల్ల అయితే ఆమె ఇష్టం అడగొచ్చు. కానీ సమితి దగ్గర ఏం జరిగిందో కోర్టుకు చెప్పేదెవరు? పార్టీయే. చాలామంది వకీళ్లు సమితి వ్యవహారాన్ని పట్టించుకోరు, అది ఆఫీసు పని అనుకుంటారు. అటు సమితి సభ్యులు, కోర్టు సంగతి కోర్టు చూసుకుంటుంది అనుకుంటారు. బిడ్డను వారం వారం చూడటానికి కోర్టు ఉత్తర్వు ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ సమితికి ఇవ్వాలి. సమితి ఉత్తర్వు ఉంటే దాన్ని మెమో పెట్టి కోర్టు రికార్డులోకి తేవాలి. రెండు ఫైళ్లను కలిపే పని పార్టీ నెత్తిన పడటం అన్యాయమే. అయినా ఈ రోజుకు పరిస్థితి ఇదే.

ఇక మూడో బాధ, సమితి నడిచిన తీరు. ఇదొక్కటే నిజంగా కలెక్టర్‌కు చెందినది. జువెనైల్ జస్టిస్ చట్టం 27వ సెక్షన్ పదో ఉపవిభాగం ప్రకారం సమితి పనితీరు మీద ఫిర్యాదులు వినే అధికారి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరే. బాధపడిన బిడ్డ అయినా, బిడ్డతో సంబంధం ఉన్న ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. 2021 సవరణతో ఈ వాక్యం ఇంకా గట్టిపడింది, 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కలెక్టర్ ఫిర్యాదును పరిశీలించాలి, ఇరుపక్షాలనూ విని, ఉత్తర్వు ఇవ్వాలి. ప్రజావాణి దరఖాస్తుకూ దీనికీ తేడా ఇక్కడ ఉంది. ప్రజావాణిలో ఇచ్చిన కాగితం మీద "తగు చర్య నిమిత్తం" అని రాసి మహిళా శిశు సంక్షేమ శాఖకు పంపితే, అది తిరిగి తిరిగి ఎవరిమీద ఫిర్యాదో వాళ్ల బల్లమీదికే చేరుతుంది. వాళ్లే జవాబు రాస్తారు, ఫైలు మూస్తారు. అదే కాగితం పైన "27(10) కింద ఫిర్యాదు" అని రాసి, ఏ తేదీన ఏం జరిగిందో ఒక పేజీలో చెప్పి, ఇన్‌వార్డు నంబరు తీసుకుంటే ఆయన విచారణ తేదీ ఇవ్వక తప్పదు. చట్టం తెలిసిన అధికారి అయితే ఇస్తాడు. తెలియకపోతే ఆ అంకె చూసి తెలుసుకుంటాడు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం కేరళలో జరిగిన ఒక సంగతి. దాని ఒక కొస మన తెలుగు నేల మీదే ఉంది. 2020 అక్టోబరులో తిరువనంతపురం ప్రాంతంలో ఒక యువతి పెళ్లి కాకుండా మగబిడ్డను కన్నది. కొద్ది రోజులకే కన్నవాళ్లు తన బిడ్డను తీసుకుపోయారని ఆమె అంది. ఆమె ఒప్పుకునే సంతకం చేసిందని వాళ్లన్నారు. బిడ్డ మాత్రం రాష్ట్ర బాలల సంక్షేమ మండలి నడిపే అమ్మతొట్టిల్ అనే ఉయ్యాలకు చేరాడు. రికార్డులో మొదట ఆడబిడ్డగా నమోదయ్యాడు కూడా. 2021 ఏప్రిల్‌లో ఆమె పోలీసులకు చెప్పుకుంది, బాలల సంక్షేమ సమితికి చెప్పుకుంది. పోలీసులు ఎఫ్ఐఆర్ రాసింది అక్టోబరులో. ఈలోగా, ఆగస్టులో, ఆ బిడ్డను దత్తతకు ముందు సంరక్షణ కింద ఆంధ్రప్రదేశ్‌కు చెందిన దంపతుల చేతిలో పెట్టారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. తల్లి వచ్చి నా బిడ్డ ఏడని అడిగింది సమితినే. ఉయ్యాలలో దొరికిన బిడ్డల లెక్క ఉండేదీ ఆ సమితి దగ్గరే. ఏ రోజు పోయాడో ఆమె చెబుతోంది, ఏ రోజు వచ్చాడో రిజిస్టరు చెబుతోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. ఆ తల్లి ప్రభుత్వ సచివాలయం ముందు, తర్వాత మండలి ఆఫీసు ముందు కూర్చుంది. అక్టోబరు 25న తిరువనంతపురం ఫ్యామిలీ కోర్టు దత్తత ప్రక్రియను ఆపింది. నవంబరు 21న అధికారుల బృందం ఆంధ్రప్రదేశ్ నుంచి బిడ్డను తీసుకొచ్చింది. డీఎన్ఏ పరీక్ష సరిపోయింది. 24న కోర్టు బిడ్డను తల్లికి అప్పగించింది. సమితి వైపు, మండలి వైపు లోపాలున్నాయని శాఖ విచారణలో తేలింది. ఏ తప్పూ చేయకుండా, పద్ధతి ప్రకారం అప్లై చేసి, మూడు నెలలు ఎత్తుకు తిప్పిన బిడ్డను తిరిగి ఇచ్చేసిన ఆ తెలుగు దంపతుల మాట మాత్రం పెద్దగా వినబడలేదు.

ఆ తల్లికి కలిసొచ్చిందేమిటంటే, అప్పటికి దత్తత తుది ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుదే. కాబట్టి కోర్టు ఆపగలిగింది. 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం కలెక్టర్‌కు మారింది. కేసులు కోర్టుల్లో ఏళ్ల తరబడి నానుతున్నాయని మార్చారు, ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు ఒక్క కుర్చీలో ఎన్ని పనులున్నాయో చూడండి. సమితి పనిని మూడు నెలలకోసారి సమీక్షించేది కలెక్టర్. పరిరక్షణ విభాగం పనిచేసేది ఆయన కిందే. సమితి మీద ఫిర్యాదు వినేది ఆయనే. దత్తత ఉత్తర్వు మీద సంతకం పెట్టేదీ ఆయనే. తన ఇంటి పనివాడి మీద తనకే చెప్పుకోమన్నట్టుంది. నా దృష్టిలో ఇది చట్టంలో ఉన్న బలహీనత, ఏ ఒక్క కలెక్టర్ మంచితనంతోనూ పూడేది కాదు.

బిడ్డ ఇలా కాగితం మీద చేయి దాటిపోతుందన్న భయం మహబూబాబాద్ తండాలవాళ్లకు పాతదే. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడశిశువులు చేతులు మారి దత్తత కేంద్రాలకు, అక్కడి నుంచి విదేశాలకు వెళ్తున్న సంగతి బయటపడి దుమారం రేగింది. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకుంటున్నట్టు రాయించుకునే పత్రాలను ప్రభుత్వం 2001లో నిషేధించింది. తండాలో సంతకం రాని తల్లి వేలిముద్ర వేసిన కాగితం ఎంత దూరం పోగలదో అప్పుడు అందరికీ తెలిసింది. అందుకే ఇవాళ్టికీ తండాలోకి పిల్లల శాఖ జీపు వస్తే, ఆ జీపు మంచికే వచ్చినా, ఆడవాళ్లు పిల్లలను లోపలికి లాక్కుంటారు. ఆ అపనమ్మకాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి.

అలాగని పిల్లల శాఖవాళ్లంతా పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లన్న మాటా నేను ఒప్పుకోను. జిల్లా పరిరక్షణ విభాగంలో చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు. మిషన్ వాత్సల్య కింద కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున ఇచ్చే డబ్బుతో నడిచే కొలువులు. భూపాలపల్లి నుంచి పలిమెల దాకా, మహాముత్తారం అడవుల దాకా తిరగాల్సింది ఆ కొద్దిమందే. రేపు బాల్యవివాహం, ఎల్లుండి ఇటుకబట్టీ పిల్లలు, మధ్యలో ఈ కస్టడీ ఫోన్లు. 1098కి వచ్చే ఫోన్ ఏది బిడ్డ కోసమో, ఏది కోర్టులో ఎదుటివాణ్ని దెబ్బతీయడానికో చెవికి తెలియదు. ఎదుటివాళ్ల వకీలు సలహాతో చేసిన ఫోన్ కూడా నిజమే కావచ్చు, అదే కష్టం.

ఇందులో అన్నిటికన్నా బరువైనది పోక్సో కేసు, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టే కేసు. కస్టడీ తగాదా మధ్యలో ఒకరు మరొకరి మీద లైంగిక వేధింపు ఆరోపణ చేస్తే పోలీసులు 24 గంటల్లో సమితికి తెలియజేయాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి బిడ్డతో ఒకే ఇంట్లో ఉంటుంటే, బిడ్డను ఆ ఇంటి నుంచి తీయాలా వద్దా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. ఇది పోక్సో 2020 నియమాల్లో ఉంది. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష పోక్సో చట్టం 22వ సెక్షన్‌లో ఉంది, అయితే బిడ్డ చెప్పిన మాటకు బిడ్డను శిక్షించకూడదు. కస్టడీ గెలవడానికి ఈ చట్టాన్ని వాడుకుంటున్నారని కొన్ని హైకోర్టులు హెచ్చరించాయి. నిజంగా గాయపడ్డ పిల్లలూ ఉన్నారు, ఆ హెచ్చరికను అడ్డం పెట్టుకుని వాళ్ల నోరు నొక్కేవాళ్లూ ఉన్నారు. ఈ మూడు రోజుల్లో సమితి రాసే పేజీ తర్వాత మూడేళ్లు కోర్టులో చదువుతారు. అందుకే ఆ పేజీలో ఎవరు ఏమన్నారో, బిడ్డ ఏ మాటల్లో చెప్పిందో, ఎవరు దగ్గరున్నారో రాసి ఉండాలి. "విచారించగా నిజమని తెలిసినది" అన్న ఒక్క వాక్యం ఎవరికీ పనికిరాదు, నేరం చేసినవాడికి తప్ప.

కొన్ని కుటుంబాలు నేరుగా బాలల హక్కుల కమిషన్‌కు వెళ్తాయి. 2005 చట్టం కింద ఏర్పడ్డ సంస్థ, సివిల్ కోర్టులా మనుషులను పిలిపించి విచారించగలదు. కానీ కోర్టులో నడుస్తున్న కస్టడీ వివాదంలో అది సాధారణంగా వేలు పెట్టదు. అక్కడికి పంపాల్సింది హోంలో బిడ్డను కొట్టారనో, సమితి నెలల తరబడి కూర్చోలేదనో, బిడ్డ హక్కు పోయిన సంగతి. నా మొగుడు మంచోడు కాదన్న సంగతి కాదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ల తిప్పలు ఇంకో రకం. 2012లో నార్వేలో ఒక తెలుగు దంపతులకు బిడ్డను హింసించారన్న కేసులో ఓస్లో కోర్టు జైలుశిక్ష వేసినప్పుడు ఇక్కడి పత్రికలు రాశాయి. అక్కడి శిశుసంక్షేమ వ్యవస్థ కఠినమని అప్పుడు అందరం అన్నాం. మన వ్యవస్థ ఎలా ఉందని అడిగినవాళ్లు తక్కువ.

ఇంకొక్క సంగతి మరిచిపోకూడదు. కోపం మీద పిల్ల ఫొటో, పేరు, బడి పేరు రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు, యూట్యూబ్ చానెల్‌కు ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను గుర్తుపట్టేలా ఏ మాధ్యమంలోనూ చెప్పకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తల్లి అయినా, తండ్రి అయినా మినహాయింపు లేదు. కోర్టులో అదే వీడియోను అవతలి వకీలు వేసి చూపిస్తాడు. ఈ ప్రసంగంలో నేను ఒక్క బిడ్డ పేరూ చెప్పకపోవడానికి కారణం కూడా అదే.

మరి సోమవారం వరుసలో నిలబడ్డ ఆ తల్లి ఇప్పుడు ఏం చేయాలి? వకీలు పెట్టుకునే స్థోమత లేదనుకోండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి. అక్కడికి పోయేటప్పుడు నాలుగు పేజీల దరఖాస్తు కాకుండా ఇవి పట్టుకెళ్లాలి: సమితి ఉత్తర్వు ప్రతి, అది ఇవ్వకపోతే అడిగిన కాగితం మీద ముద్ర, కోర్టు కేసు నంబరు, వచ్చే వాయిదా తేదీ, పాపను తీసుకుపోయిన రోజు, గంట, వచ్చినవాళ్ల హోదాలు. ఇవి ఉంటే ప్యానెల్ వకీలు ఆ నాలుగు పేజీలను మూడు కాగితాలుగా విడదీయగలడు. ఒకటి బాలల కోర్టుకు అప్పీలు, ఒకటి కస్టడీ కోర్టుకు మెమో, ఒకటి కలెక్టర్‌కు 27(10) ఫిర్యాదు. మొదట వేయాల్సింది అప్పీలు, ఎందుకంటే 30 రోజుల లెక్క దానికే ఉంది. ఆ లెక్క మొదలయ్యేది పాపను తీసుకుపోయిన రోజు నుంచి కాదు, ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి. సమితివాళ్లు ఉత్తర్వు కింద తేదీ వేయకుండా సంతకం పెడితే, ప్రతి తీసుకునే ముందే తేదీ వేయించుకోండి.